ఆల్కహాల్ అనబడు కాటుక

ఏడెనిమిదులు ఎంత అని అడిగితే వంశీధర్ వెంటనే చెప్పలేడు. అలాగని లెక్కలు రానివాడేం కాదు. ఏడొకట్ల ఏడు దగ్గర మొదలుపెట్టి, పెదవులు కదలనీయకుండా లోపల్లోపలే చదువుకుంటూ వచ్చి, యాభయ్యారు దగ్గర ఆగి, అప్పుడు బయటికి చెబుతాడు. ఈలోగా అడిగినవాడు వేరేవాడి దగ్గర తెలుసుకుని తన దారిన పోయి ఉంటాడు. ఇది తనలోని లోపమని వంశీధర్‌కు చాలాకాలం తెలియదు. కెనడా వచ్చాక తెలిసింది, అదీ ఒషావాలో, క్లాసు క్లాసంతా చూస్తుండగా.

జగిత్యాలలో ఆర్టీసీ కండక్టరు వీరభద్రానికీ, సరోజనకూ మొదటి సంతానంగా పుట్టిన వంశీధర్ చిన్నప్పటి నుంచీ బట్టీలో మొనగాడు. ఆరో తరగతిలో సైన్సు గైడులో అచ్చుతప్పు పడితే ఆ తప్పుతో సహా అప్పజెప్పాడు. టీచరమ్మ మెచ్చుకుంది, ఎందుకంటే ఆవిడ దగ్గరున్నదీ అదే గైడు. ఇంటర్ హైదరాబాదులో, తెల్లవారకముందే లేపి స్టడీ అవర్లో కూర్చోబెట్టే కాలేజీలో చదివాడు. అక్కడ అంతమంది ఒకేసారి పెద్దగా చదువుతుంటే ఎవరి పాఠం ఎవరిదో తెలిసేది కాదు గానీ, వంశీధర్ పాఠం మాత్రం వంశీధర్‌కు తప్పిపోయేది కాదు. కెమిస్ట్రీ మొత్తం పేజీల వరసన వచ్చేది. ఎవరైనా ఆల్డిహైడ్ అంటే అతనికి ముందు కుడిచేతి పేజీ, కింద మూల గుర్తొచ్చేది. బీటెక్‌లో కెమికల్ ఇంజనీరింగూ అలాగే గడిచిపోయింది. ఐఇఎల్‌టీఎస్‌లో నీకు నచ్చిన ఋతువు గురించి మాట్లాడమంటే, కోచింగ్‌లో ఇచ్చిన కాగితాన్ని కంఠతా అప్పజెప్పి గట్టెక్కాడు. తనకు అన్నిటికంటే నచ్చేది శరదృతువని అతనికి ఆ కాగితం వల్లనే తెలిసింది.

రెండువేల ఇరవై రెండు ఆగస్టులో టొరంటో విమానం ఎక్కితే, చుట్టూ ఉన్నవాళ్లలో సగంమంది అమీర్‌పేటలో అతను తొక్కిన కన్సల్టెన్సీ గుమ్మమే తొక్కినవాళ్లు. దిగాక అందరూ తలో కాలేజీకి చెదిరిపోయారు. వంశీధర్‌కు ఒషావాలో లేబొరేటరీ టెక్నీషియన్ కోర్సులో సీటు, బేబీ ఆంటీ వాళ్ల టౌన్‌హౌస్ బేస్‌మెంటులో మంచం దొరికాయి. బేబీ ఆంటీ, ఆమె భర్త పాండురంగ అంకుల్ తణుకు వైపువాళ్లు. అంకుల్ కార్ల విడిభాగాల ఫ్యాక్టరీలో నైట్ షిఫ్టులు చేస్తాడు. బేస్‌మెంటులో వంశీధర్‌తో పాటు ప్రణీత్ ఉంటాడు. అతనిది కరీంనగర్. పగలు బిజినెస్ కోర్సు, సాయంత్రం కాఫీ షాపు.

వంశీధర్ కోర్సులో ల్యాబు సులువే, కష్టమంతా నోటితోనే. కమ్యూనికేషన్స్ అని ఒక పేపరుంది. దానికి పుస్తకం లేదు. క్లాసు ముందర నిలబడి మాట్లాడటమే పరీక్ష. మొదటి టర్ములో టీమ్‌వర్క్ గురించి మాట్లాడాడు. మధ్యలో ప్రొజెక్టర్ ఆగిపోయినా తను ఆగలేదు. తెల్లటి గోడను చూపిస్తూ, ఈ బొమ్మలో మీరు గమనించినట్లయితే, అని మూడుసార్లు అన్నాడు. ఆ పేపరు పోయింది. ఇప్పుడు జనవరి టర్ములో మళ్లీ అదే పేపరు. ఈసారి కూడా పోతే కోర్సు నుంచి పేరు తీసేస్తారు. పేరు తీసేస్తే స్టడీ పర్మిట్ నిలవదు. పర్మిట్ నిలవకపోతే జగిత్యాల బస్టాండులో దిగి, వీరభద్రం సారు కొడుకు కెనడా నుంచి ఎందుకొచ్చాడో ఊరందరికీ విడివిడిగా చెప్పుకోవాలి.

ఈసారి చెప్పే ఆవిడ పేరు హెలెన్. మేడమ్ అనొద్దు, హెలెన్ అనండి చాలు అని ఆవిడ మొదటిరోజే చెప్పింది. వంశీధర్ మర్యాద చంపుకోలేక హెలెన్ మేడమ్ అనేవాడు. ఆవిడ ఒక బీకరులో చీటీలు వేసి తెచ్చింది. ఒక్కో చీటీ మీద ఒక్కో రసాయనం పేరు. ఆ మాట ఎక్కడ పుట్టింది, ఏ నోట్లో పడి ఎలా మారింది, ఆరు నిమిషాలు క్లాసుకు చెప్పాలి. కాగితం చూడకూడదు. కాగితం చూడకూడదంటే బట్టీ పట్టమనేగా! వంశీధర్‌కు కెనడా వచ్చాక మొదటిసారి ప్రాణం లేచొచ్చింది. ముందు బెంచీలోని పంజాబీ అమ్మాయికి కోబాల్ట్ వచ్చింది. వంశీధర్ చీటీలో ఆల్కహాల్ అని ఉంది.

ఆ సాయంత్రం ప్రణీత్ పడీపడీ నవ్వాడు.

"ఒషావా మొత్తం దేవులాడినా నీకంటే మంచోడు దొరకలేదా అన్నా మేడమ్‌కి? బీరు వాసనొస్తే బస్సు దిగి నడిచొస్తవు."

"అంజన్న మాల ఏసుకున్నోణ్ణి తమ్మీ, ఎట్ల ముడతా?" అన్నాడు వంశీధర్. కొండగట్టు ఆంజనేయుడి గుడి పక్కన పుట్టినవాడు తాగడంటే ఎవరూ ఇంకో కారణం అడగరు. ఆ సౌకర్యాన్ని అతను చాలా ఏళ్లుగా వాడుకుంటున్నాడు.

వెతికితే సంగతి భలేగా తేలింది. ఆల్కహాల్ అనే మాటకు పుట్టినప్పుడు సారాతో ఏ సంబంధమూ లేదు. అరబ్బీలో కుహ్ల్ అంటే కళ్లకు పెట్టుకునే సుర్మా. మనం అంజనం అంటామే, ఆ నల్లరాయిని మెత్తగా నూరిన పొడి. దాని ముందు అల్ చేరి అల్‌కుహ్ల్ అయింది. రసవాదుల పుస్తకాలతో పాటు ఐరోపాకు పోయి, ఏ వస్తువునైనా బాగా నూరి తీసిన సన్నటి పొడికి పేరైంది. నూరి తీసినా, కాచి దించినా సారం సారమే కదా అని, ద్రవాలను బట్టీ పెట్టి తీసిన సారాన్ని కూడా అలాగే పిలవడం మొదలుపెట్టారు. ద్రాక్షసారాకు ద్రాక్ష తాలూకు ఆల్కహాల్ అని పేరొచ్చింది. పోనుపోను ద్రాక్ష రాలిపోయి ఆల్కహాల్ మిగిలింది. మొత్తానికి కాటుకడబ్బాలో పుట్టి సీసాలోకి చేరింది. వంశీధర్ ఇదంతా చక్కటి ఇంగ్లీషులో రాసుకుని, కామాలతో సహా బట్టీ పట్టాడు.

ఆ రోజు రానే వచ్చింది. "గుడ్ మార్నింగ్ రెస్పెక్టెడ్ హెలెన్ మేడమ్ అండ్ మై డియర్ ఫ్రెండ్స్," అని మొదలుపెట్టి, మంచి ఊపు మీద బాగ్దాదు దాటుతుండగా హెలెన్ చెయ్యెత్తింది. ఆ రాయిని ఎలా నూరేవాళ్లో కొంచెం చెబుతావా అని అడిగింది. అడిగింది చిన్న ప్రశ్నే. కానీ వంశీధర్ లోపల నడుస్తున్నది కాస్తా ఆగిపోయింది. ఎక్కడ ఆగిందో వెతికాడు, దొరకలేదు. ఇక చేసేదేముంది, "గుడ్ మార్నింగ్ రెస్పెక్టెడ్ హెలెన్ మేడమ్," అని మొదటి నుంచి అందుకున్నాడు. క్లాసు నవ్వలేదు, ఏదో చమత్కారమనుకుంది. ఈసారి రసవాదుల దాకా వచ్చేసరికి వెనక నుంచి ఒక ఫిలిప్పీన్స్ కుర్రాడు ఏదో అడిగాడు. వంశీధర్ మూడోసారి గుడ్ మార్నింగ్ అన్నప్పుడు క్లాసంతా అతనితో గొంతు కలిపింది. ఆరు నిమిషాలూ అయిపోయాయి గానీ ఆల్కహాల్ సీసా ముఖం చూడలేదు.

హెలెన్ అతన్ని తర్వాత పక్కకు పిలిచింది. "మాటలన్నీ నీకు వచ్చు. నాకు నువ్వు వినబడాలి. వచ్చే గురువారం ఇంకో అవకాశం ఇస్తాను, అదే ఆఖరు," అంది. వంశీధర్ బస్సులో ఆలోచించుకుంటూ వచ్చాడు. గొంతు సరిగ్గా వినబడలేదన్నమాట. ఈసారి గట్టిగా చెప్పాలి.

గట్టిగా చెప్పడంతో పాటు ఇంకో పథకం కూడా వేశాడు. ప్రశ్నలే కదా కొంప ముంచింది, వాటినీ బట్టీ పట్టేస్తే సరి. క్లాసులో ఎవరు ఎక్కడ ఏం అడగొచ్చో ఊహించి, ప్రశ్నలూ జవాబులూ ఉపన్యాసంలోనే అక్కడక్కడ ఇరికించాడు. ప్రణీత్‌ను ఎదురుగా కూర్చోబెట్టి అడిగించుకున్నాడు. ప్రణీత్ కొంటెగా వరస మార్చి అడిగితే, "గట్ల కాదు తమ్మీ, ముందు రాయి గురించి అడగాలె," అని బతిమాలాడు. మనుషులు వరస తప్పకుండా అడుగుతారని అతని నమ్మకం. పదహారేళ్ల చదువు నేర్పిన నమ్మకం మరి!

అక్కడితో ఆగినా బాగుండేది. క్లాసుకు శాంపిల్ చూపిస్తే మార్కులు పడతాయని తోచింది. ఆ రాయి ఎలాగూ దొరకదు, కాటుకైనా చేసుకుపోదామనుకున్నాడు. ఫార్మసీకెళ్లి ఆముదం సీసా కొన్నాడు. అక్కడి అమ్మాయి జాలిగా చూసి, రాత్రి పడుకోబోయే ముందు తాగితే పొద్దున్నకు సుఖంగా ఉంటుందని సలహా ఇచ్చింది. అతను థాంక్స్ చెప్పి వచ్చాడు. ఆదివారం మధ్యాహ్నం బేస్‌మెంటులో రెండు కాఫీ కప్పులు బోర్లించి, వాటి మధ్య ఆముదం దీపం వెలిగించి, పైన స్టీలు పళ్లెం మూత పెట్టాడు. ఒత్తి కాస్త లావైంది.

కాసేపటికి కింద పొగ అలారం మోగింది. దాన్ని చూసి మధ్య అంతస్తుది, దాన్ని చూసి పైది అందుకున్నాయి. పాండురంగ అంకుల్ నైట్ షిఫ్టు చేసి పడుకున్నవాడు పడుకున్నట్టే లేచి, లుంగీ మీద చలికోటు వేసుకుని, ఫ్యాక్టరీలో నేర్పిన ప్రకారం మంచులోకి నడిచి, పోస్టుబాక్సు దగ్గర నిలబడ్డాడు. బేబీ ఆంటీ తువ్వాలు ఊపుకుంటూ కిందికి దిగింది.

"ఏంటయ్యా ఈ పొగ? నా కొంప తగలెడతావా ఏంటి?"

"కాటుక ఆంటీ. క్లాసుకి."

"ఏ క్లాసుకయ్యా కాటుక? ల్యాబ్ అన్నావు కదా!"

చెబితే ఆవిడ నమ్మలేదు. పళ్లెం తిప్పి చూశాక మాత్రం గొంతు మారింది. "మసి బానే పట్టిందే! మా అమ్మ నందివర్ధనం పూల రసంలో ఒత్తి నానబెట్టి ఆరబెట్టేది, చలవని," అంటూ అక్కడే కూర్చుని చెంచాతో గీకి, ఒక బొట్టు ఆముదం వేసి వేలితో రంగరించింది. "మీ అమ్మగారు పెట్టుకుంటారా కాటుక?"

"పెట్టుకుంటది ఆంటీ, కుదిరినప్పుడు."

"కాటుక కుదరకపోవడమేంటయ్యా?"

వంశీధర్ వినబడనట్టు అలారం వైపు చూశాడు. అది అప్పటికే ఆగిపోయింది. అంకుల్ లోపలికి రావచ్చని చెప్పడానికి పైకి పరుగెత్తాడు.

గురువారం హెలెన్ చివరి బెంచీలో చేతులు కట్టుకుని కూర్చుంది. వంశీధర్ గదంతా మోగేలా గుడ్ మార్నింగ్ చెప్పాడు. కాటుకడబ్బా అందరి చేతులూ తిరిగింది. రాయి దగ్గరికి వచ్చి, ప్రశ్న కోసం ఆగాడు. ఎవరూ అడగలేదు. పాపం, కిందటివారం ప్రశ్నలతోనే కదా కుర్రాడు తడబడ్డాడని, క్లాసంతా కూడబలుక్కుని నోళ్లు కుట్టేసుకుంది. ప్రశ్న రాకపోతే జవాబు లేదు, జవాబు లేకపోతే తర్వాతి పేరా లేదు. చివరికి తనే, "రాయిని ఎలా నూరేవారు అని మీరు అడగవచ్చు," అని ప్రశ్న వేసుకుని, తనే జవాబు చెప్పుకున్నాడు. పెళ్లికొడుకూ పురోహితుడూ ఒకడే అయినట్టుంది వ్యవహారం. అలా అడుగుతూ చెబుతూ, బాగ్దాదు నుంచి సీసా దాకా లాక్కొచ్చాడు. క్లాసు ఊపిరి పీల్చుకుని చప్పట్లు కొట్టింది.

హెలెన్ కొట్టలేదు. లేచి నిలబడి, "ఒక్కటే అడుగుతాను," అంది. "ఈ మాట గురించి నువ్వు ఎక్కడా చదవకుండానే నీకు తెలిసింది ఏదైనా ఉందా?"

అది వరసలో లేని ప్రశ్న. వంశీధర్ నోరు అలవాటు కొద్దీ, "గుడ్ మా" అని మొదలుపెట్టింది. ముందు వరసలో పంజాబీ అమ్మాయి ముఖంలో జాలి కనబడింది. అతనికి సిగ్గేసింది. సిగ్గుతో పాటు, ఇక పోయేదేముంది అనిపించింది. కాటుకడబ్బా తిరిగి తిరిగి అతని ముందుకే వచ్చి ఉంది.

"మా ఇంట్లో రెండూ ఉండేవి," అన్నాడు.

ఆ తర్వాత చెప్పిందంతా వచ్చీరాని ఇంగ్లీషే. భూతకాలం వర్తమానంలోకి, వర్తమానం భూతకాలంలోకి పడుతూ లేస్తూ వచ్చింది. "మా నాన్న బస్సు కండక్టరు. డ్యూటీ దిగి ఒక్కోరోజు నేరుగా ఇంటికి వస్తాడు. ఒక్కోరోజు తాగి వస్తాడు. మా అమ్మ రోజూ సాయంత్రం ముఖం కడుక్కుని కాటుక పెట్టుకుంటుంది. నాన్న తాగి వస్తే గేటు చప్పుడుకే ఆమెకు తెలుస్తుంది. లోపలి గదిలోకి పోయి, కాటుక తుడుచుకుని వచ్చి, అన్నం వడ్డిస్తుంది. ఒక్క మాట కూడా అనదు. అదే ఆమె కోపం. నీ కోసం పెట్టుకున్నది తీసేశాను అని ఆయనకు చెప్పడం. నేనూ మా చెల్లీ ఆమె కళ్లు చూసి తొందరగా తినేసి, పుస్తకాలు ముందేసుకుని పెద్దగా చదువుతాం. చదువుతున్నంతసేపు నాన్న మమ్మల్ని పిలవడు. ఆపితే పిలుస్తాడు. అందుకని ఆపకుండా చదవాలి." ఇంకేదో ఉందేమోనని కాసేపు వెతుక్కుని, "అంతే," అన్నాడు. థాంక్యూ చెప్పడం కూడా మర్చిపోయాడు.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఫిలిప్పీన్స్ కుర్రాడు బల్లకేసి చూస్తున్నాడు. హెలెన్ తల ఊపి, తర్వాతి పేరు పిలిచింది.

అతను బయటికొచ్చి క్యాంటీన్‌లో కూర్చునేసరికి ఫోనుకు మెయిల్ వచ్చింది. పాస్. చివరి రెండు నిమిషాలకే మార్కులు వేశానని, మిగతావి వినడానికి బాగున్నాయని హెలెన్ రాసింది. వంశీధర్ దాన్ని మూడుసార్లు చదివాడు. జీవితంలో చదవకుండా చెప్పిన మొదటి జవాబు పాసైంది. ఆ గర్వంతో ఇంటికి వీడియో కాల్ చేశాడు. జగిత్యాలలో అప్పటికి భోజనాలు అయిపోయాయి. వీరభద్రం రెండేళ్ల కింద డాక్టరు బెదిరించిన నాటి నుంచీ తాగడం మానేశాడు, పెందలాడే పడుకుంటున్నాడు. సరోజన వంటింట్లో గిన్నెలు సర్దుతూ ఫోను ఎత్తింది.

"పాసైన అమ్మా."

"నా తండ్రే! ఏం చెప్పినవు బిడ్డా?"

"ఆల్కహాల్ గురించి."

సరోజన చేతిలో గిన్నె ఆగింది. గొంతు తగ్గించింది. "నాయిన గురించి చెప్పినవా అందరి ముంగట?"

"నాయిన గురించి కాదే, నీ గురించి చెప్పిన."

"నా గురించి ఏమున్నదిరా చెప్పేటందుకు?"

వంశీధర్ ఉత్సాహంగా చెప్పుకొచ్చాడు. కాటుక, గేటు చప్పుడు, లోపలి గది, ఆమె కోపం. క్లాసంతా ఎంత నిశ్శబ్దంగా విన్నదో కూడా చెప్పాడు.

"మీకు ఎరుకేనారా?" అంది సరోజన.

"ఎరుకే అమ్మా. నాకూ ఎరుకే, చెల్లెకూ ఎరుకే."

"మీకు తెల్వొద్దనే కదరా లోపలికి పోయేది." ఆమె కొంగుతో గిన్నె తుడుస్తూ, దాన్నే చూస్తూ అంది. "కోపమెక్కడిది బిడ్డా. నాయిన నా కండ్లు ఏనాడన్న చూసిండా? ఏడుపొస్తే కాటుక నల్లగ చెంపల మీదికి కారుతుండె. పిల్లలు చూసి బుగులు పడతరని, ఏడ్వకముందే తుడుచుకునేది."

అన్నిటికీ మించి తనకు తెలుసనుకున్నదే తప్పు. ఆ తప్పుకే పాస్ మార్కు పడింది. హెలెన్‌కు మెయిల్ రాసి సరిదిద్దాలా అని అతనికి ఒక్క క్షణం నిజంగానే అనిపించింది, వట్టి వెర్రిబాగుల ఆలోచన. అంతలో ఫోను తెరమీద మూలనున్న తన ముఖం కనబడింది, కళ్లు నిండుతున్నాయి. వంశీధర్ బొటనవేలు జరిపి కెమెరాకు అడ్డం పెట్టాడు.

"ఏందిరా, కనిపిస్తలేవు?" అంది సరోజన.

"నెట్ మంచిగ లేదమ్మా," అన్నాడు. "నువ్వు మాట్లాడు, నాకు వినబడుతున్నది."